టెట్ సైకాలజీ స్పైరల్ మెటీరియల్: ఏ పేజీని నమ్మొచ్చు, ఏ పేజీని దిద్దుకోవాలి

ఒంగోలు కర్నూలు రోడ్డులోనో, నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందుల్లోనో జిరాక్స్ షాపుకెళ్లి "టెట్ సైకాలజీ ఉందా?" అంటే చాలు, నీలం అట్ట స్పైరల్ బైండింగ్ ఒకటి తీసి కౌంటర్ మీద పెడతారు. 212 పేజీలు, 220 రూపాయలు. అట్ట మీద రాసినవాళ్ల పేరూ ఉండదు, అచ్చువేసినవాళ్ల పేరూ ఉండదు. కనిగిరి, దర్శి, ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి బస్సులో వచ్చి కొనుక్కెళ్లేవాళ్లలో చాలామంది సైకాలజీకి ఈ ఒక్కదాన్నే నమ్ముకుంటున్నారు. టెట్‌లో 150 మార్కులకు 30 మార్కులు శిశు వికాసం, పెడగాజీవే. టెట్ మార్కులకు డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ. ఇంత బరువు మోసే పుస్తకం కాబట్టి అట్ట నుంచి అట్ట దాకా చూసి రాస్తున్న సమీక్ష ఇది.

కొనొచ్చు. అయితే చేతిలో పెన్సిల్ లేకుండా చదవొద్దు.

పేర్లు, సంవత్సరాలు, నియమాల జాబితాల వరకు ఇది నమ్మదగ్గదే. వుంట్ లైప్‌జిగ్‌లో 1879లో ప్రయోగశాల పెట్టడం, కలకత్తా విశ్వవిద్యాలయంలో 1916లో సైకాలజీ విభాగం మొదలవడం, బినే–సైమన్ ప్రజ్ఞా పరీక్ష 1905, ఎబ్బింగ్‌హాస్ స్మృతి ప్రయోగాల గ్రంథం 1885, అన్నీ సరిగ్గా ఉన్నాయి. చిక్కంతా జంట భావనల దగ్గర వచ్చింది. సైకాలజీలో ఒకదాని పక్కన ఇంకొకటి అచ్చం అలాగే కనిపించే భావనలు చాలా ఉన్నాయి. ప్రశ్నలు తయారుచేసేవాళ్లు వలవేసేదీ అక్కడే. ఈ మెటీరియల్ ఆ జంటల్ని విడదీయాల్సింది పోయి కొన్నిచోట్ల కలిపేసింది.

మొదటి తప్పు శాస్త్రీయ నిబంధనం (సహజంగా వచ్చే ప్రతిస్పందనను కొత్త సంకేతానికీ నేర్చుకోవడం) బొమ్మలోనే ఉంది. పావ్‌లోవ్ కుక్క బొమ్మ కింద బాణం గుర్తులతో "మాంసం, తర్వాత గంట, తర్వాత లాలాజలం" అని వేశారు. వరుస తలకిందులైంది. గంట ముందు మోగాలి, అది మోగుతుండగానో, మోగిన వెంటనేనో మాంసం రావాలి. రాబోయేదాన్ని గంట ముందుగా తెలియజేస్తేనే కదా కుక్క దాన్ని పట్టించుకునేది! మాంసం తినడం మొదలైన తర్వాత గంట కొడితే అది ఏ వార్తా మోసుకురాదు, నిబంధనం చాలా బలహీనంగా ఏర్పడుతుంది లేదా అసలు ఏర్పడదు. బాణాల్ని కొట్టేసి వరుస మార్చి రాసుకోండి.

అదే పేజీలో "చింతకాయ చూడగానే నోరూరడం" అనే ఉదాహరణను నిర్నిబంధిత ప్రతిస్పందన కింద వేశారు. ఇది ఇంకా పెద్ద పొరపాటు, ఎందుకంటే అభ్యర్థి దీన్ని బట్టీపడితే ఇలాంటి ప్రశ్న ఏది వచ్చినా తప్పే పెడతాడు. పులుపు నాలుకకు తగిలితే నీళ్లూరడం పుట్టుకతో వచ్చింది, అది నిర్నిబంధితం. చింతకాయను చూస్తే ఊరడం మాత్రం ముందు ఒకసారైనా తిన్నవాడికే. ఎప్పుడూ తినని మనిషికి అది చెట్టుకు వేలాడే గోధుమరంగు కాయ మాత్రమే. నెల్లూరు చేపల పులుసుతో చూస్తే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. ముక్క నోట్లో పడ్డాక ఊరేది నిర్నిబంధితం, "చేపల పులుసు" అన్న మాట చెవిన పడగానే ఊరేది నిబంధితం. పరీక్షలో ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: ఇది నేర్చుకోకుండానే వస్తుందా?

అయత్నసిద్ధ స్వాస్థ్యానికి ఇచ్చిన నిర్వచనం కూడా సరిచేయాలి. "మళ్లీ గంటతో పాటు మాంసం ఇస్తే ప్రతిస్పందన తిరిగి రావడం" అని ఉంది. అది తిరిగి నిబంధనం చేయడం. మాంసం ఇవ్వకుండా గంట మాత్రమే పదేపదే మోగించి ప్రతిస్పందన ఆగిపోయాక, కొంత విరామం ఇచ్చి మళ్లీ గంట కొడితే, మాంసం లేకుండానే కొద్దిగా లాలాజలం వస్తుంది. ఎవరూ ఏ ప్రయత్నమూ చేయకుండా తిరిగివచ్చింది కాబట్టే ఆ పేరు. పేరులోనే జవాబుంది, నిర్వచనం రాసినవాళ్లు పేరును చదువుకోలేదు.

ఇక అన్నిటికంటే ఎక్కువ మార్కులు పోగొట్టే చోటు స్కిన్నర్ అధ్యాయం. "రుణాత్మక పునర్బలనం అంటే శిక్ష" అని ఒకే వాక్యంలో తేల్చేశారు. కాదు. పునర్బలనం ఏదైనా, ధనాత్మకమైనా రుణాత్మకమైనా, ప్రవర్తనను పెంచుతుంది. శిక్ష తగ్గిస్తుంది. ధన, రుణ అన్నవి మంచికీ చెడుకూ గుర్తులు కావు, లెక్కల్లో కూడిక, తీసివేత లాంటివి. ఏదైనా ఒకటి తెచ్చి కలిపితే ధనం, ఉన్నదాన్ని తీసేస్తే రుణం.

నెల్లూరులో ఉన్నవాళ్లకు దోమల కంటే మంచి ఉదాహరణ దొరకదు. సాయంత్రం దోమలు కుడుతున్నాయి, కాయిల్ వెలిగిస్తే పోయాయి, రేపటి నుంచి చీకటి పడకముందే కాయిల్ వెలుగుతుంది. బాధ తొలగింది, దాంతో కాయిల్ వెలిగించే ప్రవర్తన పెరిగింది. ఇది రుణాత్మక పునర్బలనం. చక్కగా రాసిన పిల్లవాడి పలక మీద "శభాష్" అని రాస్తే, వాడు రేపు ఇంకా శ్రద్ధగా రాస్తే, అది ధనాత్మక పునర్బలనం. అల్లరి చేసినవాడిని గద్దించగా అల్లరి తగ్గితే ధనాత్మక శిక్ష, ఆటల పీరియడ్ తీసేయగా తగ్గితే రుణాత్మక శిక్ష. ఇక్కడ "తగ్గితే" అన్న మాట ముఖ్యం. గద్దించినకొద్దీ వాడి అల్లరి పెరుగుతోందంటే, టీచరుకు ఎంత కోపంగా అనిపించినా, ఆ పిల్లవాడికి ఆ గద్దింపు పునర్బలనంగా పనిచేస్తోంది. తరగతి మొత్తం తనవైపు చూడటమే వాడికి కావలసింది కావచ్చు. తరగతి గదికి వెళ్లబోయేవాళ్లకు ఈ ఒక్క మాట రాసి ఇచ్చి ఉంటే ఈ మెటీరియల్ విలువ రెండింతలయ్యేది.

పునర్బలన నియమావళికి (ఎంత కాలానికి, ఎన్ని పనులకు ఒకసారి పునర్బలనం అందుతుందన్న లెక్కకు) రెండు పేజీలు ఇచ్చారు, నాలుగు రకాలూ ఉన్నాయి. ఉదాహరణలన్నీ లాటరీ, జీతం దగ్గరే ఆగిపోయాయి. నెలజీతం స్థిర కాలవ్యవధికి మంచి ఉదాహరణ కూడా కాదు. నెలాఖరున చేసిన ఒక్క పనికి వచ్చే ఫలితం కాదు కదా అది. శనివారం పరీక్ష ఉందని శుక్రవారం రాత్రి మాత్రమే పుస్తకం తీసే పిల్లలు సరిపోతారు. గడువు దగ్గరపడేకొద్దీ పని ఊపందుకుని, గడువు దాటగానే చల్లబడటం ఆ నియమావళి గుర్తు. పొగాకు ఆకు గుచ్చి, కర్రకు ఇంత అని లెక్కకట్టి కూలి తీసుకోవడం స్థిర నిష్పత్తి. సముద్రంలో వల వేయడం చర నిష్పత్తి: ఏ వలకు చేప పడుతుందో తెలియదు, అందుకే వేస్తూనే ఉంటారు. పునర్బలనం ఆగిపోయినా ప్రవర్తన చాలాకాలం నిలిచేది ఈ రకంలోనే. కబురు కోసం ఫోను మాటిమాటికీ తీసి చూడటం చర కాలవ్యవధి. ఎన్నిసార్లు చూశామన్నదాన్ని బట్టి కబురు రాదు, దానికి పట్టే సమయం పట్టాకే వస్తుంది.

థార్న్‌డైక్ పేజీ బాగుంది, పిల్లి–పజిల్ పెట్టె బొమ్మ కూడా స్పష్టంగా ఉంది. మూడు ప్రధాన నియమాలు సంసిద్ధత, అభ్యాసం, ఫలితం వరుసగా చెప్పారు. 1930 ప్రాంతంలో ఆయనే తన నియమాల్ని దిద్దుకున్నాడన్న సంగతి మాత్రం లేదు. ఫలితం తెలియకుండా ఊరికే పదేపదే చేయడం వల్ల నేర్పు రాదని తేల్చి అభ్యాస నియమాన్ని పక్కనబెట్టాడు, శిక్షకు బహుమతితో సమానమైన బలం లేదని ఫలిత నియమాన్ని సగానికి కుదించాడు. ఖాళీలో రెండు లైన్లు రాసుకుంటే సరిపోతుంది. కోహ్లర్, బందూరా భాగాలకు దిద్దుబాటు అక్కర్లేదు. బోబో బొమ్మ ప్రయోగం 1961 అనీ, అవధానం, ధారణ, పునరుత్పాదన, ప్రేరణ అనే నాలుగు మెట్లనీ సరిగ్గానే ఇచ్చారు.

స్మృతి అధ్యాయంలో పురోగమన, తిరోగమన అవరోధాల పట్టిక తారుమారైంది. అడ్డుపడేది ఎటువైపు కదులుతోందో చూస్తే మళ్లీ పొరపాటు రాదు. పాతది ముందుకు వచ్చి కొత్తదానికి అడ్డుపడితే పురోగమనం. కొత్తది వెనక్కి వెళ్లి పాతదాన్ని చెరిపితే తిరోగమనం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకు వెళ్లింది. ఆ తర్వాత చిరునామా రాస్తూ చేయి అలవాటుగా "ప్రకాశం" అని రాయబోతే అది పురోగమన అవరోధం. కొత్త ఫోను నంబరు నోటికొచ్చాక పాత నంబరు ఎంత తన్నుకున్నా గుర్తురాకపోతే తిరోగమనం.

ఎబ్బింగ్‌హాస్ విస్మృతి వక్రరేఖ కింద "ఎవరైనా ఏది చదివినా ఒక్క రోజులో 66 శాతం మరిచిపోతారు" అని పెద్ద అక్షరాల్లో వేశారు. అంకె ఆయనదే, అర్థం మాత్రం ఆయనది కాదు. ఆ ప్రయోగంలో ప్రయోగకర్తా, ప్రయోజ్యుడూ ఎబ్బింగ్‌హాస్ ఒక్కడే. నేర్చుకున్నవి అర్థంలేని పదాంశాలు. కొలిచింది పొదుపు పద్ధతిలో, అంటే రెండోసారి నేర్చుకునేటప్పుడు ఎంత శ్రమ ఆదా అయిందని. 20 నిమిషాల తర్వాత 58 శాతం, గంటకు 44, ఒక రోజుకు సుమారు 34, 31 రోజులకు 21 శాతం పొదుపు కనిపించింది. అర్థం తెలిసి చదివిన పాఠం ఇంత వేగంగా పోదు. వక్రరేఖ నుంచి పట్టుకోవలసింది దాని ఆకారం: మొదట్లో జారుడు, తర్వాత నెమ్మది. అందుకే మొదటి పునశ్చరణ మర్నాడే చేయాలి, రెండోది మూడు నాలుగు రోజులకు, మూడోది వారం పది రోజులకు జరపొచ్చు. అదీ పేజీ తిరగేసి చదవడం కాదు. పుస్తకం మూసి కాగితం మీద రాసి, తర్వాత తెరిచి పోల్చుకోవాలి. రంగుపెన్నుతో గీతలు గీసిన పేజీ చూస్తే తెలిసినట్టే అనిపిస్తుంది. అది గుర్తుపట్టడం, గుర్తుతెచ్చుకోవడం కాదు. ఈ తేడా ఇదే అధ్యాయంలో నాలుగు పేజీల ముందు ఉంది!

ప్రజ్ఞాలబ్ధి (ఐక్యూ) లెక్కలు పదిహేను ఇచ్చారు, సాధనకు మంచివి. మానసిక వయస్సును వాస్తవ వయస్సుతో భాగించి 100తో గుణించాలి, అంతవరకు సరే. కాని 7 సంవత్సరాల 6 నెలలను 7.6 అని తీసుకుని మూడు లెక్కలు చేశారు. సంవత్సరానికి 12 నెలలు కాబట్టి 6 నెలలంటే 0.5. మానసిక వయస్సు 9 అయితే 9ని 7.5తో భాగించి 100తో గుణించగా వచ్చేది 120. మెటీరియల్ జవాబు 118. ఆప్షన్లలో రెండూ పక్కపక్కనే పెడితే మార్కు పోయినట్టే. నెలలు కనిపిస్తే రెండు వయస్సుల్నీ నెలల్లోకి మార్చేయడం అన్నిటికంటే భద్రం: 108ని 90తో భాగించి 100తో గుణించండి, పూర్తవుతుంది.

ప్రజ్ఞాలబ్ధి భావనను బినేకి కట్టబెట్టడం ఇంకో పొరపాటు. మానసిక వయస్సు బినేది. రెండు వయస్సుల్ని భాగించాలన్నది విలియం స్టెర్న్, 1912. 100తో గుణించి 1916లో స్టాన్‌ఫర్డ్–బినే పరీక్షలో వాడుకలోకి తెచ్చింది టెర్మన్. పెద్దవాళ్లకు ఈ భాగహారం ఎందుకు పనికిరాదో కూడా రాయలేదు. వయస్సు పెరిగినట్టల్లా మానసిక వయస్సు పెరగదు కనుక నలభై ఏళ్ల మనిషి ఊరికే మందబుద్ధిగా తేలతాడు. అందుకే వెక్స్‌లర్ సగటు 100, ప్రామాణిక విచలనం 15గా పెట్టి, తోటి వయస్సువాళ్లతో పోల్చే పద్ధతి తెచ్చాడు. భాటియా ప్రజ్ఞామాపని అయిదు ఉపపరీక్షల పేర్లు మాత్రం చక్కగా ఇచ్చారు, చాలా గైడ్లలో అవి సగమే ఉంటాయి.

పియాజే దశల పట్టికలో వస్తు స్థిరత్వాన్ని (కంటికి కనబడకపోయినా వస్తువు ఉందన్న ఎరుకను) పూర్వ ప్రచాలక దశలో వేశారు. అది ఇంద్రియ చాలక దశలో, దాదాపు ఎనిమిది నెలల వయస్సు నుంచి కనిపించేది. బొమ్మ మీద తువ్వాలు కప్పితే తీసి వెతికే పసిబిడ్డకు అది వచ్చినట్టు. పూర్వ ప్రచాలక దశకు చెందింది పదిలపరచుకొనే భావన (ఆకారం మారినా పరిమాణం మారదన్న ఎరుక) లేకపోవడం. రెండు వెడల్పు గిన్నెల్లో ఒకే కొలత మజ్జిగ ఉంచి, ఒక గిన్నెలోది సన్నటి పొడుగు గ్లాసులోకి పిల్లవాడి కళ్లముందే పోసి, "ఏదాంట్లో ఎక్కువుంది?" అని అడగండి. నాలుగేళ్లవాడు గ్లాసు చూపిస్తాడు. ఎత్తు ఒక్కటే చూసి వెడల్పును వదిలేయడం ఏకమితి, తిరిగి గిన్నెలో పోస్తే మళ్లీ అంతే ఉంటుందని ఊహించలేకపోవడం అవిపర్యయాత్మకత. ఒక్క గ్లాసు మజ్జిగలో మూడు భావనలు తేలతాయి. మెటీరియల్ వీటిని మూడు వేర్వేరు బిట్లుగా విసిరేసింది, ఒకదానికొకటి సంబంధం ఉన్నట్టే తెలియదు.

వైగాట్‌స్కీ పేజీలో స్కఫోల్డింగ్ (నేర్చుకునేవాడికి అవసరమైనంతవరకే ఇచ్చే ఆసరా) అనే మాట ఆయనదే అని రాశారు. ఆయన 1934లోనే చనిపోయాడు. సమీప వికాస మండలం (ఒంటరిగా చేయలేకపోయినా సాయంతో చేయగలిగే పరిధి) ఆయన భావన. స్కఫోల్డింగ్ అనే పేరు 1976లో ఉడ్, బ్రూనర్, రాస్ వాడారు. పరీక్షలో స్కఫోల్డింగ్‌ను జతపరచమంటే వైగాట్‌స్కీకే జతచేయాల్సి రావచ్చు, ఆలోచన ఆయన దారిలోదే గనక. ఎవరు ఏ మాట అన్నారన్నది మాత్రం తెలిసి ఉండాలి.

మొత్తం పుస్తకంలో అన్నిటికంటే బాగా కుదిరింది రక్షక తంత్రాల (మనసు తన్ను తాను కాపాడుకోవడానికి వేసే ఎత్తుల) అధ్యాయం. ఎవరు రాశారోగానీ తెలుగు సామెతలతో రాశారు. అందని ద్రాక్ష పుల్లన అంటే హేతుకీకరణం, అత్త మీద కోపం దుత్త మీద చూపితే విస్థాపనం. సంఘర్షణల్లో పరిహార–పరిహారానికి (రెండూ వద్దనిపించేవే అయినా ఒకటి ఎంచుకోక తప్పని స్థితికి) ముందు నుయ్యి వెనుక గొయ్యి. ఒకసారి చదివితే చాలు, మరవడం కష్టం. ఒక్క చోటే అభ్యంతరం: "ఆడలేక మద్దెల ఓడు" అన్నదాన్ని ప్రక్షేపణం కింద వేశారు. ప్రక్షేపణమంటే తనలో ఉండి తాను ఒప్పుకోలేని కోరికనో, కోపాన్నో ఎదుటివాళ్లలో చూడటం. తన ఓటమికి సాకు చెప్పుకోవడం హేతుకీకరణానికే దగ్గర. తప్పును వేరొకరి మీదికి నెట్టడాన్ని ప్రక్షేపణంగా చెప్పే పాఠాలూ ఉన్నాయి కాబట్టి ఆప్షన్లలో హేతుకీకరణం లేనప్పుడే ప్రక్షేపణం పెట్టడం మంచిది.

ప్రత్యక్షం గురించిన భాగంలో భ్రమ, విభ్రాంతి రెంటినీ ఒకే అర్థంలో వాడారు. మసక చీకట్లో తాడును పామనుకుంటే భ్రమ, అక్కడ తాడైనా ఉంది. ఏమీ లేనిచోట పాము కనబడితే విభ్రాంతి. ఉద్దీపన ఉందా లేదా, అంతే తేడా.

"మెదడు గురించి ఆసక్తికర నిజాలు" అనే చివరి రెండు పేజీల్ని చించేసినా నష్టం లేదు. మనిషి మెదడులో పది శాతమే వాడతాడన్నది అబద్ధం. పిల్లల్ని చూసి నేర్చేవాళ్లు, విని నేర్చేవాళ్లు, చేసి నేర్చేవాళ్లు అని విడగొట్టి ఆ ప్రకారమే బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారన్నదానికి గట్టి ఆధారం దొరకలేదు. 2008లో పాష్లర్ బృందం చేసిన సమీక్ష ఈ మాటే చెప్పింది. రేపు బడిలో ఒక పిల్లవాడిని "నువ్వు విని నేర్చేవాడివి" అని ముద్రవేసి పుస్తకం చదివించడం మానేస్తే, నష్టపోయేది ఆ బిడ్డే. పరీక్ష కంటే ఇది పెద్ద సంగతి.

అచ్చు నాణ్యత షాపును బట్టి మారుతోంది. జిరాక్స్‌కి జిరాక్స్ తీసిన కాపీల్లో బొమ్మలు చచ్చిపోయాయి. కొనేముందు మూడు చోట్ల తెరిచి చూడండి. ముల్లర్–లయర్ బొమ్మలో గీతల చివర బాణం ముక్కులు కనిపించాలి, అవి లేకపోతే రెండు మామూలు గీతలే మిగులుతాయి, భ్రమ ఎక్కడిది? విస్మృతి వక్రరేఖ కింద గంటల అంకెలు చదవగలిగేలా ఉండాలి. రోర్షాక్ సిరా మరకల పరీక్ష పేజీ నల్ల ముద్దలా ఉంటే పట్టించుకోనక్కర్లేదు, అసలు కార్డులు అచ్చులో పెట్టేవి కావు. అయితే పది కార్డులూ నలుపే అన్న కింది వాక్యాన్ని దిద్దుకోండి: అయిదు నలుపు–బూడిద రంగులవి, రెండింట్లో ఎరుపు కలుస్తుంది, మూడు పలురంగులవి. స్పైరల్ రంధ్రాలు ఎడమవైపు అక్షరాల్ని తినేసిన కాపీ ఇస్తే మార్చి అడగండి, 40వ పేజీ తర్వాత ఇది ఎక్కువగా ఉంది.

పల్లిపాడు, మైనంపాడు డైట్ (ఉపాధ్యాయ శిక్షణ) కాలేజీల్లో చదివే వాళ్లకు లైబ్రరీలో తెలుగు అకాడమీ పుస్తకం అందుబాటులో ఉంటే భావనలకు అది, బిట్లకు ఇది పెట్టుకోవడం మంచిది. ఇంగ్లిష్ చదవగలిగినవాళ్లు ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి సైకాలజీ పుస్తకాన్ని వాళ్ల వెబ్‌సైటులో ఉచితంగా దింపుకోవచ్చు. అభ్యసనం, స్మృతి అధ్యాయాలు రెండు చదివి వస్తే ఈ స్పైరల్‌లో తప్పులు మీ కంటికే తగులుతాయి. వెనక ఉన్న 600 బిట్లకు ఇచ్చిన కీలో స్కిన్నర్, స్మృతి, ప్రజ్ఞ భాగాలవి పైన చెప్పిన తప్పుల మీదే కట్టారు. ముందు ఆ పేజీల్ని దిద్దుకుని, కీ చూడకుండా జవాబులు పెట్టి, తేడా వచ్చినచోట కీని కాకుండా నిర్వచనాన్ని తీసి చూడండి.